తూకంలో వేలు

నెలలు నిండకుండానే లోకాన్ని ఏలడానికి వచ్చేసిన మహారాణిగారికి ఆ ఉదయం తూకం. రెండు కిలోలుంటేనే ఇంటికి పంపుతారు. ఇన్ని వారాలూ పాలతోపాటు విటమిన్ చుక్కలు పట్టించింది అందుకే.

అంకె రెండు కిలోలు దాటింది. తండ్రి గంతేయబోయి, ఎందుకో ఆగిపోయాడు.

“పాప నాన్నగారూ, ముందు ఆ వేలు తీయండి! తూకంలో మోసానికి ఇవేమన్నా ఉల్లిపాయలా?” అంది నర్సు.

“నేను పెట్టలేదు సిస్టర్!”

నర్సు వంగి చూసింది. తండ్రి వేలు పాప గుప్పిట్లో ఉంది. నానా తంటాలు పడి విడిపించారు.

అంకె దిగి, సరిగ్గా రెండు కిలోల దగ్గర నిలబడింది.

“చుక్కలు బాగానే వంటబట్టాయి. తీసుకెళ్లండి,” అంటూ నర్సు పాపను ఎత్తి తండ్రి చేతుల్లో పెట్టింది.

పెట్టి అక్కడే నిలబడిపోయింది. ఈసారి గుప్పిట్లో ఉన్నది ఆవిడ వేలు.