తెల్లబడిన కండ

హిందూపురంలో ఆ రాత్రి కరెంటు పోయింది. రొయ్యల తొట్టిలో గాలిపంపు ఆగి ఇల్లంతా నిశ్శబ్దమైంది. ధరణికి అదే మేలనిపించింది. చీకట్లో అద్దాల తొట్టి వెనక టార్చి పెడితే రోగం దాగదు. బాగున్న ఎర్ర రొయ్యలోంచి వెలుగు పారుతుంది. జబ్బు రొయ్య తోకలో కండ ఉడికిన అన్నంలా తెల్లగా వెలుగుకు అడ్డుపడుతుంది.

తెల్లబడినదాన్ని మిగతావి పీక్కుతింటాయి, తిన్నవీ తెల్లబడతాయి. అన్నీ తను రెండేళ్లుగా పెంచినవి. అందుకే ఈ రాత్రి ఒక్క జబ్బుదాన్నీ ఉంచకూడదనుకుంది. పన్నెండింటిని తీసేసింది. ఇంకొకటి నాచులో దూరింది.

నీళ్లు తగ్గించడానికి పైపును నోటితో పీల్చింది. రోజూలాగే ఒక గుక్క గొంతులోకి పోయింది.

"ఆ నీళ్లు కడుపులోకి పోతాండాయి గదే పాపా. ఇంక పండుకో," అంది చాపమీద నుంచి అక్కమ్మవ్వ.

"ఒగటే ఉండాది అవ్వా. దాన్ని తీసే పండుకుంటా."

ధరణి తొట్టిలో చెయ్యి పెట్టింది. టార్చి వెలుగు వేళ్లలోంచి ఎర్రగా పారింది. బొటనవేలి కింద మాత్రం ఆగిపోయింది. అక్కడ కండ తెల్లగా ఉంది.

అయినా చెయ్యి తీయలేదు. నాచు పక్కకు తొలగించింది.

జబ్బు రొయ్య అక్కడే, కదలకుండా ఉంది. దాన్ని వదిలేసి, ఎర్ర రొయ్యలన్నీ ఒక్కొక్కటే ఆమె బొటనవేలి వైపు వచ్చాయి.