గోరు కోసిన పిల్ల

గద్ద మళ్లీ వచ్చింది.

భూమన్న తల ఎత్తకుండానే పసిగట్టాడు. వాకిట్లో నీడ ఒకటి జారింది. తల్లికోడి గొంతు మారింది. పిల్లలు కంపకుప్ప కిందికి దూరాయి. అతను కట్టె అందుకుని వాకిలి నడిమధ్య నిలబడ్డాడు. గద్ద రెండు చుట్లు తిరిగి చింతచెట్టు మీద వాలింది. దానికి తొందరేమీ లేదు.

పొదిగినవాటిలో నాలుగే మిగిలాయి. పోయినవాటికి అతను బాధపడలేదు. అతనికి కావలసింది ఒక్కటే: కుడికాలి గోరు కోసిన పిల్ల. దాన్ని గద్ద తన్నుకుపోతే తన ప్రాణం కూడా పోయినట్టే.

చలికాలంలో కడెం వాగు కట్ట పనికి పోయి చలిజ్వరం తెచ్చుకున్నాడు భూమన్న. మంచం కోళ్లు అదిరే వణుకు. భార్య కమలవ్వ బొంతలు కప్పింది, గంజి తాగించింది. ఎంత జ్వరంలోనైనా, గంజి చల్లారిందని గిన్నె ఆమె మీదికి విసిరే సత్తువ మాత్రం అతనికి తగ్గలేదు.

ఒక మంగళవారం కమలవ్వ తన చెల్లెలు యాదవ్వను తోడు తీసుకుని పోచమ్మ గుడికి పోయింది. నుదుట పసుపుతో తిరిగొచ్చింది. ఇంటికి వచ్చేసరికి పొదుగుతున్న కోడి కింద మొదటి పిల్ల బయటపడి ఉంది. దాని గోరు కొసన కోసి గుర్తు పెట్టింది.

"ఏమని మొక్కినవే?" అని మంచంలోంచే అడిగాడు.

"నీ జరం సంగతే. పుంజునిస్తనన్న. తీరేదాక మొక్కు బయటపెట్టొద్దు."

అతని జ్వరం దిగింది. అదే జ్వరం ఆమెకు ఎక్కింది. నెల తిరక్కుండానే కమలవ్వ పోయింది. భూమన్న ఏడవలేదు. పోచమ్మ ఒకరిని విడిచి ఒకరిని పట్టుకుంది, అంతే అనుకున్నాడు. మిగిలింది మొక్కు. మొక్కు తప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు. పక్కింటి గంగయ్య యాటపోతును మొక్కి మరిచిపోయాడు. మరుసటి కోతలకు అతను లేడు.

అందుకే కాపలా. చచ్చిన కాకిని గడకు కట్టి వాకిట్లో పాతాడు. చేనుకు పోయేటప్పుడు పిల్లలను గంప కింద మూసి పైన రాయి పెట్టాడు.

"పెండ్లాన్ని గూడ గింత మంచిగ చూస్కుంటివా అన్నా?" అని దారిన పోతూ బాలమల్లు నవ్వాడు.

"పెండ్లాం పోతే ఇంకోతి వస్తది. గీ పిల్ల పోతే నేనే పోత."

ఒక మధ్యాహ్నం చేను నుంచి వచ్చేసరికి రాయి పక్కన ఉంది. గంప తిరగబడి ఉంది. పిల్లలు వాకిలంతా తిరుగుతున్నాయి. యాదవ్వ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తోంది.

గద్ద రాయిలా పడింది. గోరు కోసిన పిల్లనే పట్టింది.

భూమన్న కట్టె విసిరాడు. దెబ్బ రెక్కకు తగిలింది. పిల్ల చూరు మీద పడి కిందికి దొర్లింది. వీపు చీలింది గానీ ప్రాణం ఉంది. ఒళ్లో పెట్టుకుని పసుపు, ఆముదం అద్దాడు.

"నీ చెయ్యి గింత మెత్తగుంటదని మా అక్కకు తెల్వకపాయె," అంది యాదవ్వ.

"గంప ఎవరు తీసిండ్రు?"

"నేనే."

"ఎందుకే?"

"గద్దకు రాసింది గద్దకే పోనియ్యి బావా. మా అక్క మొక్కు మా అక్కతోనే పోయింది. నువ్వు తీర్చకు."

"నా పాణం గద్దకేస్తవా?"

"నీ పాణం గురించే చెప్తున్న."

అతను పిల్లను దించి కట్టె ఎత్తాడు. ఆమె కదల్లేదు. కట్టె వైపే చూసింది.

"కొట్టు. మా అక్క వీపు మీద చూసిన కట్టెనే గది."

"తీర్చద్దంటివి. ఎందుకో చెప్పు మరి."

"తీరకముందు మొక్కు చెప్పరాదు."

"అయితే నోరు మూస్కో."

మూసుకుంది. మళ్లీ అడ్డం చెప్పలేదు. పైగా ఒకనాడు భూమన్న లేనప్పుడు గద్ద వస్తే, యాదవ్వే కట్టె పట్టుకుని చింతచెట్టు దాకా తరిమిందని బాలమల్లు చెప్పాడు. దెబ్బ ఎత్తితే గానీ ఆడదానికి బుద్ధి రాదనుకున్నాడు భూమన్న.

ఎండలు పోయాయి. పిల్ల నెత్తిన ఎర్రటి జుట్టు మొలిచింది. పుంజే. వీపున మచ్చ దగ్గర ఈకలు రాలేదు గానీ కూత మాత్రం ఊరికి వినబడేది. గద్ద చింతచెట్టు విడిచి ఎటో పోయింది.

ఆషాఢంలో పోచమ్మ ముందు ఊరంతా చేరింది. భూమన్న పుంజును కింద పెట్టి నీళ్లు చల్లాడు. పుంజు ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఒప్పుకుని తీసుకున్నదంటే అడిగిన పని చేసి తీరుతుంది. ఆ ఊళ్లో పసిపిల్లలకూ ఎరుకున్న సంగతే అది.

కొన్ని పుంజులు గడియసేపు సతాయిస్తాయి. ఇది నీళ్లు పడీపడగానే విదిలించింది. జనం సంబరంగా కేకలు వేశారు. కత్తి పడింది.

భూమన్న వెన్నులో ఒక చలి సన్నగా పాకింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. ముసురు గాలి అనుకుని తువ్వాల భుజాల చుట్టూ కప్పుకున్నాడు.

"సచ్చి గూడ నన్ను బతికించుకున్నది మీ అక్క," అన్నాడు, నలుగురూ వినాలని. "మొక్కు తీరింది గద. ఇగ చెప్పు యాదవ్వా. ఏమని మొక్కింది?"

యాదవ్వ అతని వణుకుతున్న చేతుల వైపు చూసి, కొంగు నడుముకు దోపుకుని చెప్పింది: "నీ జరం పోవాలని కాదు బావా, గా జరంల నువ్వు పోవాలని."