కిష్టయ్య కాపలా

అద్దం పగిలిన చప్పుడుకు కిష్టయ్య చేతిలో చాయ్ ఒలికింది.

ఆదివారం మధ్యాహ్నం. నానక్‌రామ్‌గూడ ఆఫీసు టవర్ల దగ్గర నరమానవుడు లేడు. వాటి వెనక సందులోని రేకుల షెడ్డుకు కిష్టయ్య వాచ్‌మన్. ఆఫీసులు పారేసిన కంప్యూటర్ల బోర్డులను ఆ షెడ్డులో పొడి కొట్టి, సూక్ష్మజీవులున్న ట్యాంకుల్లో నానబెడతారు. బంగారం కరిగి నీళ్లలోకి దిగుతుంది. తర్వాత మందులు పోసి బయటికి తీస్తారు. చెత్తలోంచి బంగారం తీసే మధుసూదన్ సారంటే కిష్టయ్యకు ప్రాణం. తన భార్య దవాఖానలో పడితే రక్తమిచ్చిన మనిషి మరి.

"ఇయ్యాల బంగారం తీస్తున్న కిష్టయ్యా. ఎవర్నీ రానియ్యకు" అని సారు ఒక్కడే లోపలికి పోయాడు.

ఇందాకే వాసంతి వచ్చింది. ట్యాంకుల పని చూసే కాకినాడ అమ్మాయి.

"సార్ ఫోనెత్తట్లేదు బాబాయ్. గేటు తియ్యి."

"రానియ్యొద్దన్నడు. పో బిడ్డా."

నిన్ననే సారుతో పెద్ద గొడవ పెట్టుకుంది. 'నేను లేకుండా ఆ ట్యాంకు జోలికెళ్తే ఊరుకోనండి' అని అందరి ముందూ అరిచింది. బంగారం మీద దీని కన్ను పడ్డదని కిష్టయ్య అప్పుడే అనుకున్నాడు.

ఇప్పుడీ చప్పుడు వినగానే కర్ర అందుకుని షెడ్డు వైపు పరిగెత్తాడు. గోడ దూకి వచ్చింది వాసంతే. ముఖానికి తడి చున్నీ, చేతిలో ఇనుప రాడ్డు. ఒక కిటికీ అయిపోయింది, రెండోది పగలగొడుతోంది.

"ఏయ్, ఏంది గది?"

ఆమె లోపలికి దూకింది. గడియ వేసిన తలుపును కిష్టయ్య భుజంతో గుద్దుతుంటే అదే తెరుచుకుంది. వాసంతి సారును కాలర్ పట్టుకుని ఈడ్చుకొస్తోంది. సారు తల గడపకు కొట్టుకుని నెత్తురు చిమ్మింది. అయినా ఆగలేదు.

మట్టిలో పడేసి చొక్కా చించేసింది. మీద పడి గుద్దడం మొదలుపెట్టింది. ఎముక పటుక్కుమంది.

కిష్టయ్యకు తల దిమ్మెక్కింది. కళ్లు తిరిగాయి. కోపం నషాళానికి అంటిందనుకున్నాడు.

"సారును ఇడుస్తవా లేదా?"

ఆమె ఏదో చెప్పబోయింది. గొంతులోంచి గరగర తప్ప మాట రాలేదు. మళ్లీ గుద్దింది.

ఇక కిష్టయ్య ఆగలేదు. మొదటి దెబ్బ ఆమె మణికట్టు మీద పడింది. రెండో దెబ్బకు రెండో చెయ్యి వేలాడింది. మోచేతులతో పాకుతూ మళ్లీ సారు మీదికే వచ్చింది. ఎంత పగ ఉంటే అట్లా వస్తుంది? జడ పట్టి ఈడ్చి, ఆ చున్నీతోనే గేటుకు కట్టేశాడు.

అంబులెన్సుకు ఫోన్ చేసి, సారు తల ఒళ్లో పెట్టుకుని తువ్వాలతో విసిరాడు. సారు బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ప్రాణానికి ఢోకా లేదనుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు సారూ. నేనున్నగదా."

వాసంతి గేటుకు తల బాదుకుని ఏడుస్తోంది. దొరికిపోయాక ఏడుపు రాదా మరి.

అంబులెన్సు మనిషి సారు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. కిష్టయ్య గుండెలు బాదుకున్నాడు. "అదే చంపింది సారును, నా కళ్లతో చూసిన" అన్నాడు.

అంబులెన్సు మనిషి వాసంతి కట్లు విప్పి, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. పగిలిన కిటికీల వంక చూశాడు. తర్వాత కిష్టయ్య వైపు తిరిగాడు.

"ట్యాంకులోంచి లేచిన విషగాలికి పడిపోయిన మనిషిని బయటికి లాగి, ఆగిన గుండెను నడిపిస్తున్న ఈ పిల్ల చేతులు విరగ్గొట్టిందెవరు?"