ఒంటి తుమ్ము

మనవరాలు పావని సంచి భుజాన వేసుకుని గడప దాటబోతుంటే, జములమ్మ కావాలనే ఒక్క తుమ్ము తుమ్మింది.

"దొంగ తుమ్ము, అవ్వా! బయట ఆటో నిలబడ్డది."

"దొంగదో దొరదో, కూసొని నీళ్లు తాగి పో. మొన్న నువ్వు విమానం లేపుతుంటెనే ఇంజన్ ఆగిపోయిందంట. మీ నాయన ఇప్పుడు చెప్పిండు. బ్రేకు కొట్టి నిలుపరాదా?"

పావని అరుగు మీద కూలబడి చెంబు అందుకుంది.

"అంత వేగం మీద ఆపితే రన్‌వే చాలదవ్వా. మిగిలిన ఒక్క ఇంజన్‌తోనే పైకి లేపాలె. విమానం నిలకడగ ఎగిరినంకనే పాడైనదాని సంగతి. ఎన్కకు తిరిగొచ్చి దింపినం."

"అంతమందిని ఎంటేసుకొని భయం గాలేదా?"

"భయపడే తీరిక యాడిది?"

ఈ పిల్లది రాతిగుండె అనుకుంది జములమ్మ. మళ్లీ ఈ రోజే నడపడానికి బయల్దేరింది మరి.

అంతలో చెంబులో నీళ్లు పావని ఒళ్లో ఒలికాయి. ఆమె చేతులు రెండూ వణుకుతున్నాయి.

జములమ్మ చెంబు తీసి పక్కన పెట్టింది. ఆటో అతణ్ణి పొమ్మని సైగ చేసి, మనవరాలి తలను ఒడిలోకి తీసుకుంది.

"దిగినవ్ గద బిడ్డా. ఇగ భయపడు."