తలుపు పక్క సీటు

అన్యాయం ఎవరికి జరిగింది? విమానం తలుపు పక్కన కూర్చున్న వృద్ధునికి.

ఎవరు చేశారు? ఆ సీటుకు అసలు హక్కుదారైన లాయరమ్మ. ఎలా? ఒకే ఒక్క మాటతో.

తొమ్మిది సీట్ల చిన్న విమానం. బయట మబ్బు కమ్ముకొని ఉంది.

"అమ్మా, మీ సీటు నాకిస్తారా? తలుపు దగ్గరుంటే నాకు స్థిమితంగా ఉంటుంది."

"ప్రాణమంటే అంత తీపా, తాతగారూ?"

అందరూ నవ్వారు.

"తీపేనమ్మా," అన్నాడాయన నెమ్మదిగా.

లాయరమ్మ విసుక్కుంటూ చివరి వరుసకు వెళ్లింది.

కూర్చునే ముందు ఆయన ఒక్కొక్క సీటునూ తాకుతూ, పెదవులు కదుపుతూ నడిచాడు.

"ఎనిమిది."

"టిక్కెట్లు కూడా చింపుతారా, కండక్టర్ గారూ?" అన్నాడు ఒక దర్జీ. మళ్లీ నవ్వులు.

అరగంటకు గాలివాన విరుచుకుపడింది. రన్‌వే కనబడలేదు. విమానం బురదపొలంలో కూలి ఒక పక్కకు ఒరిగింది. పైలట్ కాలు విరిగి, తన వైపు తలుపులోంచి ఎలాగో బయటపడ్డాడు.

వృద్ధుడు ఈవలి తలుపును భుజంతో గుద్ది తెరిచాడు. ముందు తానే దూకుతాడనుకున్నారు. దూకలేదు. గుమ్మంలో నిలబడి, చేయి పట్టి ఒక్కొక్కరినీ దించాడు. పొగ కమ్మేశాక తానూ దిగాడు.

"ప్రయాణికులు ఎంతమంది ఉన్నారు?" అని అడిగాడు వృద్ధుడు.

దర్జీ వేలు చూపుతూ లెక్కపెట్టాడు.

"ఎనిమిది! మీ లెక్క సరిపోయింది తాతగారూ, అందరం ఉన్నాం!"

"నన్ను కలిపావా, నాయనా?"

"కలపకపోతే ఎలా?"

"నన్ను కలపకూడదు."

ఆయన తిరిగి పొగలోకి వెళ్లాడు.

చివరి వరుసలో బెల్టు చిక్కుకుపోయిన లాయరమ్మను విడిపించి, గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, బయటకు తోశాడు. మంట ఆయన్ని దిగనివ్వలేదు.

పది రోజుల తర్వాత విచారణ జరిగింది. లాయరమ్మ చేతులకు కట్లతో హాజరైంది.

"మృతులు: ప్రయాణికుడు, ఒకరు," అని చదివాడు అధికారి.

"ఆయన్ని పిరికివాడిలా చూసింది నేను. అదీ రాసుకోండి. ఇంతకీ ఆయనెవరు?"

అధికారి పాత దస్త్రం ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

ఇరవై రెండేళ్ల కిందట, తాను సిబ్బందిగా ఉన్న మరో విమానం కూలినప్పుడు, కంగారులో తననూ లెక్కలో కలుపుకొని, "అందరూ దిగారు" అని చెప్పాడట ఆయన. లోపల ఒక స్త్రీ మిగిలిపోయింది. ఆయన ఉద్యోగం పోయింది.

లాయరమ్మ దస్త్రం మూసి వెనక్కి జరిపింది.

"ఆ ఒక్కరి బాకీ తీరిపోయింది. ఇక రాసినది దిద్దండి," అంది.

అధికారి లేచి నిలబడి, 'ప్రయాణికుడు' అన్న మాట కొట్టివేసి, 'విమాన సిబ్బంది, విధి నిర్వహణలో' అని రాశాడు.