గోడ మీది పేరు

టీచరమ్మ ఒక్క పేరు పిలిస్తే నలుగురు పిల్లలు లేచి నిలబడ్డారు.

కొడుకును మొదటిరోజు బడిలో దింపడానికి వచ్చిన మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన కాలేజీలో చరిత్ర చెబుతారు. తన కొడుకు పేరు భూప్రపంచంలో మరొకరికి లేదని ఐదేళ్ళుగా కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఇప్పుడు చూస్తే ఒకే తరగతిలో ఒక పొడుగు, ఒక పొట్టి, ఒక కళ్ళజోడు, చివర్న తన పుత్రరత్నం.

"పై తరగతుల్లో ఇంకో పదిమంది దాకా ఉన్నారండీ," అంది టీచరమ్మ. "విచిత్రమేంటంటే, పక్క ఊళ్ళో మాత్రం ఒక్కడూ లేడు."

చరిత్ర మాస్టారి బుర్రలో పురుగు దూరింది.

పిల్లల ఇళ్ళకు వెళ్ళి ఆరా తీశారు. పొడుగువాడి తండ్రి అది నక్షత్రం పేరన్నాడు. పొట్టివాడి బామ్మ తమ వంశంలో ఏడు తరాలుగా వస్తోందంది. ఆరో తరంలో ఎవరికుందని అడిగితే ఆవిడకి దగ్గొచ్చింది. కళ్ళజోడు వాళ్ళమ్మ ఫోన్ తీసి చూపించింది. మహారాజుల పేరట, అదృష్ట రంగు నీలమట.

చివరికి ఆ పేరు పెట్టిన బావమరిదికే ఫోన్ చేశారు. ఏదో తాళపత్ర గ్రంథంలో దొరికిందని అప్పట్లో చెప్పిన ఘనుడు అతనే.

"నిజం చెప్తే తిట్టవు కదా బావా?"

"ముందు చెప్పి ఏడు."

"మంచి పేరు వెతికి రాయించమని నాకు అప్పజెప్పావు చూడు, మర్చిపోయాను. జననాల ఆఫీసు లైన్లో నా వంతు వచ్చేసింది. పేరు గడి ఖాళీగా ఉంటే ఫారం తీసుకోరు, ఇంకోరోజు రమ్మంటారు. ఎదురుగా గోడ మీద మాదిరి ఫారం ఉంది. అందులో ఉన్న పేరే ఎక్కించేశా. కౌంటర్లో ఆవిడ వద్దనే చెప్పింది. ఇంకేదైనా ఆలోచించుకో నాయనా అని బతిమాలింది కూడా. మధ్యలో ఈవిడెవరు అనుకున్నా."

మర్నాడు మాస్టారు జననాల నమోదు ఆఫీసుకు వెళ్ళారు.

కౌంటర్ ఎదురుగా గోడకు ఫారం అంటించి ఉంది. కాగితం బాగా పసుపెక్కింది. పైన ఎర్రసిరాతో 'మాదిరి' అని రాసి ఉంది. కింద ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. పుట్టిన తేదీ గడి ఖాళీ. తల్లి పేరు, తండ్రి పేరు మీద తెల్లకాగితం ముక్కలు. పిల్లాడి పేరు మాత్రం పట్టపగల్లా కనిపిస్తోంది.

కౌంటర్లో నెరిసిన జుట్టావిడ కూర్చుని ఉంది. ముందు చెక్కపలక మీద ఆవిడ పేరు. వెనకాల మాత్రం అందరూ ఆవిణ్ణి కాకరకాయ మేడం అంటారని, ముందూ వెనకా ఎవరూ లేని మనిషని అటెండరు అప్పటికే మాస్టారి చెవిలో వేశాడు.

తాను కాలేజీ మాస్టారినని చెప్పుకుని, కొడుకు జనన పత్రం ఆవిడ ముందు పెట్టి, గోడ వైపు చూపించారు. "ఇది రాసిందెవరండీ?"

"నేనే. ఇరవై రెండేళ్ళయింది."

"ఈ పేరు ఎక్కడ దొరికింది?"

"ఎక్కడా దొరకలేదు. నేనే కల్పించాను."

"అర్థం?"

"తీరిగ్గా చెబుదామనుకున్నాను." ఎవరికన్నది ఆవిడ చెప్పలేదు. "నేను సెలవులో ఉండగా నా సొరుగులో ఈ ఫారం దొరికిందట. అప్పుడే బదిలీ మీద వచ్చిన హెడ్ క్లర్కు, అక్షరం బాగుందని గోడకెక్కించారు. నేనొచ్చేసరికి దాన్ని చూసి ఆరుగురు రాసేశారు."

"అప్పుడే పీకేయొచ్చుగా?"

"ఎందుకని అడుగుతారు కదా."

"పోనీ, అమ్మానాన్నల పేర్ల మీద ముక్కలు అంటించిన చేత్తోనే పిల్లాడి పేరు మీద కూడా ఒకటి అంటిస్తే మీ సొమ్మేం పోయింది?"

"చెయ్యి రాలేదు మాస్టారూ."

మాస్టారికి తిక్క రేగింది. "పొద్దుపోక మీరు గీసిన గీతలకి ఎంతమంది పిల్లలు బలయ్యారో తెలుసా!"

"నూట తొంభై మూడు," అందావిడ తలెత్తకుండా. "మీవాడు నూట పన్నెండు."

"మీక్కూడా ఓ కొడుకుంటే తెలిసేది, పేరంటే ఏమిటో!"

ఆవిడ స్టాంపు ప్యాడ్ మూత తీసి, మళ్ళీ పెట్టింది.

గొడవ విని కుర్ర ఆఫీసరు బయటికొచ్చాడు. విషయం విని నవ్వాడు. "దీనికింత రభసా? వచ్చే నెల నుంచి అంతా కంప్యూటరే. చింపి పారేస్తే సరి."

ఆవిడ గబుక్కున లేచింది. ఆవిడ అంత వేగంగా లేవగలదని అటెండరుకే తెలీదు.

"చింపకండి సార్. నాకిచ్చెయ్యండి. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను. వీడ్కోలు మీటింగూ వద్దు, బహుమతీ వద్దు. ఆ కాగితం చాలు."

"గోడకున్నది ఆఫీసు ఆస్తి మేడం. ఒకరికిస్తే రేపు ఇంకొకరు కుర్చీ అడుగుతారు."

అటెండరు కిసుక్కుమన్నాడు.

"పాడు కాగితం, ఇంకొకళ్ళ కంట పడకూడదు. ఆ పుణ్యమేదో నేనే కట్టుకుంటాను," అంటూ మాస్టారు పై మూల పట్టుకుని బలంగా లాగారు.

కాగితం అడ్డంగా చిరిగింది, పాత జిగురు వదిలి తల్లి పేరు మీది ముక్క ఊడి నేల మీద పడింది, దాని కింద, అవే గుండ్రటి అక్షరాల్లో, కౌంటర్ మీది చెక్కపలకలో ఉన్న పేరే ఉంది.