వెలుగు వైపు

పార్కు రాత్రిపూట మూసే మనిషి దొరకకపోతే పొద్దుటి పిల్లల ఆటల తరగతులు కూడా ఎత్తేస్తామని పెద్దాఫీసు తేల్చేసింది. "నేనుండగా ఎలా ఎత్తేస్తారో చూస్తాను" అని పార్కుల మేనేజరమ్మ తాళాలు పట్టుకుని తానే వచ్చింది.

అక్కడ దీపాలను వెనక వరస నుంచి ఆర్పుకుంటూ వస్తారు. లోపల మిగిలినవాళ్లు వెలుగున్న వైపు నడిచి గేటు చేరతారు.

గేటు పక్కన ఆమె మొదటి స్విచ్ నొక్కింది. వెనక వరస చీకటైంది. కంకర మీద అడుగుల చప్పుడు మొదలైంది. రెండోది నొక్కింది. అడుగులు ఒక వరస ముందుకొచ్చాయి. దీపాల కింద మాత్రం ఎవరూ లేరు.

"మీకు దండం పెడతా, బయటికొచ్చేయండమ్మా" అన్నాడు, చీకటి పడ్డాక లోపలికి రానని వీధిలోనే నిలబడ్డ పార్కు వాచ్‌మన్.

"నీకా మీసాలెందుకయ్యా?"

చివరికి గేటు దీపం ఒక్కటే మిగిలింది. ఆ వెలుగు అంచున అడుగులు ఆగాయి. అప్పుడర్థమైంది ఆమెకు, ఒక్కో దీపం ఆర్పుతూ ఆ కనిపించనిదాన్ని వీధిలోకి పిలుచుకొస్తున్నది తానేనని. వీధి నిండా పిల్లలున్న ఇళ్లు.

ఆమె లోపలే ఉండి గేటు మూసి తాళం వేసింది. తాళంచెవులు ఊచల్లోంచి వాచ్‌మన్ కాళ్ల దగ్గరికి విసిరింది.

"పొద్దున పిల్లలొచ్చే వేళకి తియ్యి."

చీకటి వైపు తిరిగింది.

"ఇది పిల్లల చోటు. నువ్వో నేనో ఇవాళ తేలిపోవాలి. రా."

చివరి దీపం తన చేత్తోనే ఆర్పింది. కంకర మీద ఒక్క అడుగు పడింది.